దినకర్ గారి ఎద్దు

లుంగీ మడవడానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని కిటికీ వెలుతురుకెత్తి, ఎక్కడైనా పోగు తెగిందేమో చూసి, గట్టిగా ఒకసారి దులిపి, ఎదురెదురుగా నడిచి రావాలి. కొసలు కలిసేచోట చేతులు తగులుతాయి, మొహాలు జానెడు దూరంలోకి వస్తాయి. గుడియాత్తం బజారు వెనకసందు గోడౌనులో దినకర్, చెంగల్రాయలు పంతొమ్మిదేళ్లుగా రోజుకు నాలుగు వందలసార్లు ఇలా ఎదురుపడుతున్నారు. కట్టుకున్న పెళ్లాం మొహాన్నైనా దినకర్ అన్నిసార్లు చూసి ఉండడు.

ఈ గురువారం మాత్రం అతని చూపు ముసలాయన చొక్కా బొత్తాం దాటి పైకి పోవడం లేదు.

“ఏమప్పా దినకరా, పోగు తెగిండేది గూడా చూడకుండా మడిచేస్తా ఉండావే,” అన్నాడు చెంగల్రాయలు. “పొద్దున్నే ఇంట్లో తగువా?”

“అదేం లేదు మామా. బస్సులో సీటు దొరకలా. కాళ్లు నొస్తా ఉండాయి.”

సీటు దొరికింది. వేలూరు బస్టాండులో కిటికీ పక్కనే దొరికింది. అక్కడ కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పళ్లికొండ దాటేదాకా కళ్లు మూసుకుని విన్నాడు. ఆ విన్నదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

చెంగల్రాయలుకు అరవై ఎనిమిది. నలభై ఏళ్లు నూలు దుమ్ములో నిలబడ్డ మనిషి. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లని నూగు ఉంటుంది, తుడిచినా మధ్యాహ్నానికి మళ్లీ వచ్చి చేరుతుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా భుజాలు పైకి లేస్తాయి, మెడ కింద రెండు గుంటలు పడతాయి. లోపలికి పోయేటప్పుడు గరగర, బయటికి వచ్చేటప్పుడు సన్నని ఈల. గోడౌనులో కొత్తగా చేరినవాళ్లు నాలుగు రోజులు జాలిపడతారు. తర్వాత సీలింగు ఫ్యాను చప్పుడుతో పాటు అదీ చెవికి ఆనదు.

దినకర్ చెవికి మాత్రం అన్నీ ఆనుతాయి. దేవుడు అతనికి ఇచ్చిన ఆస్తి ఆ చెవులే. నలభై నాలుగేళ్ల వయసు, సత్తువాచారిలో ఒక మేడమీది అద్దె పోర్షను, పన్నెండో తరగతి చదివే కూతురు, రేడియో అంటే పడిచచ్చిన పడుచుతనం. ఇరవై అయిదో ఏట నాటకాల్లో గొంతు ఇస్తానని ఒక రేడియో కేంద్రానికి పోయాడు. తెలుగు విభాగంలో ఒకాయన విని, “బాబూ, నీ తెలుగులో అరవం ఉంది,” అన్నాడు. పక్కగదిలో తమిళాయన, తమిళంలో తెలుగు వాసన వస్తోందన్నాడు. రెంటికీ చెడ్డ రేవడిలా సాయంత్రం బస్సెక్కి వచ్చేసి, లుంగీ కొస పట్టుకున్నాడు.

తెలుగు మాట్లాడతాడు కానీ తెలుగు అక్షరం రాదు. బళ్లో నేర్పింది అరవమే. అందుకే నాలుగేళ్ల కిందట ఫోనులో ‘తొమ్మిదో మజిలీ’ దొరికినప్పుడు ఎవరో తనకోసమే చేసినట్టు అనిపించింది. తిరుపతిలో నలుగురు కుర్రకారు కలిసి చేసే శ్రవ్యనాటకం. ముప్పై మంది ఒక నౌకలో చుక్కల మధ్య పదేళ్లుగా పోతూ ఉంటారు. చదవక్కర్లేదు, చెవులుంటే చాలు. ప్రతి గురువారం ఒక భాగం వస్తుంది. వినడం, ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక లుంగీ బేళ్ల మీద కూర్చుని తన అభిప్రాయం రికార్డు చేసి పంపడం అతనికి అలవాటైంది.

ఊరికే బాగుంది, భలే ఉంది అనే రకం కాదు. నౌక తలుపు మూసినప్పుడు మా ఇంటి ఇనప బీరువా చప్పుడు వస్తోంది, ఆకాశంలో బీరువా ఎందుకు అనేవాడు. కెప్టెను భయపడినప్పుడు ముందు గొంతు వణుకుతోంది, మనిషికి ముందు ఆగేది ఊపిరి కదా అనేవాడు. ఒకసారి ఇలా పంపాడు: “మూసిన డబ్బాలో ముప్పై మంది పదేండ్లుగా ఉండారు. ఒక్కడన్నా దగ్గడే? ఒక్కరికన్నా గొంతు పట్టదా?” ఆ మాటకు వాళ్లు మురిసిపోయి, తర్వాతి భాగంలో ముగ్గురిచేత దగ్గించి, చివర అతని పేరు చెప్పారు. గుడియాత్తం శ్రోత దినకర్ గారు. ఆ ‘గారు’ను అతను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నాడో భార్య లోకేశ్వరికి తెలుసు. “పొయ్యి ఆరిపోతాది గారూ, గ్యాసు బుక్కు చెయ్యి,” అని నెల రోజులు ఏడిపించింది.

ఆ ‘గారు’తోనే వచ్చింది తంటా. ఏం చేస్తుంటారు సార్ అని వాళ్లడిగితే, బట్టల వ్యాపారం అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదని తనకు తాను చెప్పుకున్నాడు. రెండు నెలల కిందట ఆ నాటకం రాసే అమ్మాయి హేమప్రియ ఒక వాయిస్ మెసేజి పెట్టింది. “సార్, మీ మాటల వెనకాల ఏదో శబ్దం వస్తూ ఉంటుంది. అదేమిటి? మేం నలుగురం దానికోసమే మళ్లీ మళ్లీ విన్నాం.”

వెనకాల బేళ్ల మీద పడుకున్నది చెంగల్రాయలు. నాతో పాటు కూలికి లుంగీలు మడిచే మనిషమ్మా, దమ్ము జబ్బు అని చెప్పాలి. చెబితే బట్టల వ్యాపారం ఏమైపోవాలి? దినకర్ గొంతు సవరించుకుని, “మా ఇంటి ముసలెద్దు అమ్మా,” అన్నాడు. తాతల నాడు ఎద్దులుండేవి, ఆ మాట నాలుకకు దగ్గరగా దొరికింది.

దాని ఊపిరి ఒక్కటే మూడు నిమిషాలు పంపగలరా అని ఆ పిల్ల అడిగింది. మర్నాడు మధ్యాహ్నం, లేబుళ్లు అంటించే మేరి గిన్నెలు కడగడానికి పోయినప్పుడు, నిద్రపోతున్న ముసలాయన నోటికి జానెడు దూరంలో ఫోను పట్టుకున్నాడు. తన ఊపిరి అందులో పడకూడదని మధ్యమధ్య బిగబట్టాడు. ముందుగా అడిగి ఉంటే చెంగల్రాయలు కాదనేవాడు కాదు. నవ్వి, కావలసినంత గట్టిగా పీల్చి ఇచ్చేవాడు. కానీ అడిగితే ఎద్దు సంగతి కూడా చెప్పాలి.

అదే ఈ పొద్దున బస్సులో వినిపించింది. పదేళ్లుగా నౌకను లాగుతున్నది యంత్రం కాదని, అడుగు గదిలో కట్టేసిన ఒక ముసలి జీవమని ఈ భాగంలో తేలుతుంది. దాని ఊపిరి ఆఖరి దశలో ఉంది. వాళ్లు శబ్దాన్ని లావు చేశారు, నిదానం చేశారు, అయినా ప్రతి ఊపిరి చివరా వచ్చే ఆ ఈలను దినకర్ ఎలా మరిచిపోతాడు? నాలుగేళ్లలో ఇంత గొప్ప భాగం రాలేదు. అదే అతన్ని చంపుతున్నది. సిగ్గు ఒక్కటే అయితే ఎలాగో మోసేవాడు, దాని పక్కనే గర్వం కూడా కాలు మీద కాలేసుకుని కూర్చుంది. సాయంత్రం లోపల ముసలాయనకు చెప్పెయ్యాలి అనుకున్నాడు. చెప్పకపోతే రేపటి నుంచి ఈ మొహానికి రోజుకు నాలుగు వందలసార్లు ఎదురు నడవడం తనవల్ల కాదు.

పదకొండు గంటలకు టీ వచ్చింది. మేరి జిగురు చేతులు తుడుచుకుంటూ, “అణ్ణా, ఇయ్యాల గురువారం దానే? కథ పెట్టలా?” అంది. మేరిది అరవ ఇల్లు. తెలుగు ఈ గోడౌనులో లుంగీల మధ్యే నేర్చుకుంది.

“ఫోన్లో చార్జి లేదు మేరీ. రేపు విందాం.”

“నా ఫోన్లో ఉండాది కదా. నువ్వే వేసిచ్చినావు.”

ఆమె ఫోనును స్టీలు చెంబులో నిలబెట్టింది, గొంతు పెద్దగా వస్తుందని. కథ మొదలైంది. దినకర్ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అడుగు గది తలుపు తెరిచారు. ఊపిరి వచ్చింది. చెంబులోంచి అది గోడౌను నిండా పరుచుకుంది, గోడకానుకుని కూర్చున్న చెంగల్రాయలు ఊపిరి దాని కిందనే ఆడుతోంది. ఒకే మనిషి రెండుసార్లు. మేరికి తెలియలేదు. తన ఊపిరి చప్పుడు ఎవరికి మాత్రం తెలుస్తుంది, ఆయనకూ తెలియలేదు. గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“పాపం,” అన్నాడు చివరికి. “ఆ జీవానికి నిజంగానే దమ్ము ఉండాది. ఇది యాక్టింగు కాదప్పా.”

ఆఖరున హేమప్రియ గొంతు, ఈ భాగానికి ప్రాణం పోసిన గుడియాత్తం దినకర్ గారి ఇంటి ముసలి ఎద్దుకు మా నమస్కారాలు అంది. మేరి చప్పున అతనివైపు తిరిగింది.

“ఎద్దా? నీకు ఎద్దు యాడిది అణ్ణా? మేడమీద కట్టినావా?”

దినకర్ తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. “కనియంబాడిలో. మా అత్తగారింట్లో,” అన్నాడు. అబద్ధానికి అబద్ధం తోడైంది.

మళ్లీ లుంగీలు ఎత్తారు. ఎదురుపడ్డప్పుడల్లా చెంగల్రాయలు ఒక ప్రశ్న అడిగాడు. ఆయన పుట్టింది సేద్యం ఇంట్లో, ఎద్దుల సంగతి తెలిసినవాడు.

“వయసెంత?”

“పదహారు మామా.”

లుంగీ పక్కన పెట్టి, ఇంకొకటి దులిపి, మళ్లీ నడిచి వచ్చారు.

“మేత తింటా ఉండాదా?”

“కొంచెం.”

“పేరేం పెట్టినారు?”

దినకర్‌కు చప్పున ఏ పేరూ తోచలేదు. నోట్లోంచి వచ్చింది, “రాయుడు,” అని.

ముసలాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి, లుంగీ కొస చేతిలోంచి జారింది. “నా పేరే. బాగుండాది,” అన్నాడు ఊపిరి కూడదీసుకుని. దినకర్ వంగి ఆ కొస అందుకుని ఆయన చేతికిచ్చాడు. ఆ క్షణంలో నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం చెంగల్రాయలు కారియరు విప్పలేదు. బేళ్ల సందులోంచి తన మందు డబ్బా తీశాడు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి ఆయనే చేసుకునే పొడి. పాత పేపరు చింపి దాని మీద పొడి వంచాడు. డబ్బా అడుగు తట్టి మరీ వంచాడు. పొట్లం కట్టి, బేళ్ల మీద గుర్తులు పెట్టే పెన్సిలుతో పైన నిదానంగా ఏదో రాశాడు.

“ఆదివారం కనియంబాడికి పొయ్యి దానికి ఇచ్చిరాప్పా. ఎట్ల ఇయ్యాలో పైన రాసినా.”

“నీకు వద్దా మామా? డబ్బా ఖాళీ చేసేసినావే.”

“నేను రేపు దంచుకుంటా. అది నోరులేని జీవం నాయనా. తనకేమైతా ఉండాదో ఎవురికి చెప్పుకుంటాది?”

దినకర్ పొట్లం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. “మామా, నీకొక మాట చెప్పాల.”

“తిను ముందు. నేను లేసినాక చెబుదువులే.”

ముసలాయన కిటికీ కింద బేళ్ల మీద తువ్వాలు పరుచుకుని ఒత్తిగిలి పడుకున్నాడు. దినకర్ నాలుగు ముద్దలు మింగాడు. ఎలా మొదలుపెట్టాలో మనసులో అనుకుని చూశాడు. మామా, ఎద్దు లేదు. మామా, నువ్వు నిద్రపోతా ఉంటే నేను. ఏ వాక్యమూ సగం దాటలేదు. ముందు ఆ పిల్లకు నిజం చెప్పేస్తే ఈయనకు చెప్పడం తేలికవుతుందేమోనని ఫోను తీశాడు. రికార్డు నొక్కి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“నమస్తే అమ్మా. దినకర్‌ని. నేను బట్టల వ్యాపారిని కాదు, లుంగీలు మడిచే కూలోణ్ణి. మా ఇంట్లో ఎద్దు లేదు. మీరు వినింది నాతో పనిచేసే ఒక పెద్దమనిషి ఊపిరి. ఆయన పేరు చెంగల్రాయలు. నేను అడక్కుండా తీసినా. తప్పు నాది.”

పంపేముందు అలవాటుగా ఒకసారి విన్నాడు. తన గొంతు శుభ్రంగా వచ్చింది. ఎప్పుడూ లేనంత శుభ్రంగా. వెనకాల ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. మళ్లీ విన్నాడు. మూడోసారి వినకుండా ఫోను కింద పెట్టి, కిటికీ వైపు తిరిగి చూశాడు.

చెంగల్రాయలు ఒత్తిగిలిన మనిషి ఒత్తిగిలినట్టే ఉన్నాడు. భుజం లేవడం లేదు. కనుబొమల మీది నూగు ఫ్యాను గాలికి కొద్దిగా కదులుతోంది.

గోడౌను యజమాని బాలచంద్రన్ వచ్చాడు, వీధి చివరి డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. అరక్కోణంలో ఉన్న చెంగల్రాయలు కూతురు అలివేలమ్మకు ఫోను చేసింది దినకరే. నాలుగు గంటలకు వ్యానులో ముసలాయనను ఇంటికి తీసుకుపోయారు. అంతకుముందు గోడౌనుకు చాలా మంది వచ్చి చూసిపోయారు, ఎవరూ పెద్దగా ఏడవలేదు. చాలా రోజులుగా ఆయాసపడుతున్నాడు కదా, నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు అన్నారు.

రికార్డు చేసిన మాటలు పంపలేదు. ఇప్పుడు పంపితే చనిపోయిన మనిషిని చూపించి మెప్పు అడుక్కున్నట్టు ఉంటుందని అనుకున్నాడు. నిజానికి అదొక్కటే కాదు కారణం. ఆ ‘గారు’ ఇంకా లోపల ఎక్కడో కూర్చునే ఉందని అతనికి తెలుసు. తెలిసినందుకు తన మీద తనకు అసహ్యం వేసింది.

మేరి ముక్కు చీదుకుంటూ లేబుళ్లు సర్దుతోంది. ఆమెకైనా చెప్పాలనిపించింది.

“మేరీ, ఎద్దు లేదు.”

మేరి తలెత్తింది. కళ్లు మళ్లీ నిండాయి. “అయ్యో, అదీ పోయిందా అణ్ణా? ఎప్పుడు ఫోను చేసినారు?”

దినకర్ ఆమెనే చూశాడు. ఆ నాలుగు మాటలు సరిదిద్దడానికి ఇంకో నాలుగు మాటలు చాలు. అతను అవునన్నట్టు తల ఊపాడు.

“రెండు ప్రాణాలూ ఒకే దినం,” అంటూ మేరి సిలువ గుర్తు వేసుకుని, సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

బల్ల మీద ఇంకా మడవాల్సిన లుంగీలున్నాయి. దినకర్ ఒకటి తీసి కొస పట్టుకున్నాడు. రెండో కొస నేల మీద పడింది. దాన్ని అలాగే వదిలేసి, ఇంటికి పోదామని జేబులో బస్సు చిల్లర కోసం వెతికితే పొట్లం చేతికి తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పట్టుకున్నాడు. పేపరు అంచు మీద, అరవ అక్షరాల్లో తెలుగు మాటలు, అతను చదవగలిగేవి: రాయుడికి. పొద్దన ఒక పిడికెడు, సందకాడ ఒక పిడికెడు, బెల్లంతో. దమ్ము తగ్గేదాకా పని చేయించొద్దు.