పేరు లేని చొక్కా

అన్నయ్య కత్తిరిస్తాడు, నేను కుడతాను. పాతికేళ్లు మా కొట్టు అలాగే నడిచింది. ఆయన బల్లకీ నా మిషనుకీ మధ్య నాలుగడుగుల దూరం. అంత దగ్గరగా కూర్చుని ఏడు నెలలు మేం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

గొడవ ఓ లాయరుగారి కోటు దగ్గర మొదలైంది. ఒక చెయ్యి పొట్టిదైంది. పొరపాటు కత్తిరింపులో ఉంది, అంటే అన్నయ్యది. ఆయన మాత్రం లాయరు ముందు, "మావాడు కాస్త తొందరపడ్డాడండి," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. లాయరు వెళ్లాక నిలదీశాను.

"ఏదో నోరు జారిందిరా. ఇంతదానికి రాద్ధాంతం ఎందుకు?"

"తప్పు నీదేనని ఆయనకి చెప్పు. అప్పటిదాకా నాతో మాట్లాడకు."

అన్నయ్య చెప్పలేదు, మాట్లాడలేదు. నేనూ తక్కువ తినలేదు. కానీ రోజూ షట్టరు ఎత్తేటప్పుడు, ఇవాళ పలకరిస్తాడేమోనని ఓరగా చూసేవాణ్ని. నాకు ఆయన మాట కావాలి, అదీ ఆయనే ముందు అనాలి.

పని ఆగదు కనక సుద్దముక్క మా మధ్య రాయబారం నడిపింది. కొలతలతో పాటు ఒంటి తీరు కూడా గుడ్డ లోపలివైపు రాయడం అన్నయ్య అలవాటు. "పొట్ట ఉంది", "మెడ కురచ" అని రాసి, బట్ట ఎవరిదో చీటీ గుచ్చేవాడు. నేను చదివి, కుట్టి, మేకుకి తగిలించేవాణ్ని. "నోళ్లు కూడా కుట్టేసుకున్నారా ఇద్దరూ?" అనేది వదిన.

ఏడో నెలలో నీలం చారల గుడ్డ ఒకటి వచ్చింది. చీటీ లేదు. లోపల కొలతలు, కింద "ఎడమ భుజం అరంగుళం దిగువ" అని ఉంది. ఎవరిదని అడగాలంటే నోరు విప్పాలి. నేను విప్పుతానా? కుట్టేసి, బట్టలివ్వడానికి వచ్చిన టీచరమ్మకి చూపించి, అన్నయ్యకి వినబడేలా అన్నాను.

"చూడండమ్మా, ఎవడో వంకర మనిషి. వీడికి కావలసింది చొక్కా కాదు, డాక్టరు."

ఆవిడ నవ్వింది. అన్నయ్య కత్తెర ఆగింది. నావైపు కాసేపు చూసి తల వంచుకున్నాడు. బాగా అయింది అనుకున్నాను.

ఆ చొక్కా కోసం ఎవరూ రాలేదు. మూడు వారాలకి అన్నయ్య బల్ల మీదే ఒరిగిపోయాడు. అంబులెన్సులో ఆయన చెయ్యి పట్టుకుని దారంతా మాట్లాడాను. లాయరు గియరు ఎవరూ వద్దు, లే అన్నాను. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

నెల తరవాత కొట్టు తెరిచాం. వదిన మేకుల మీది బట్టలు దించుతూ చారల చొక్కా దగ్గర ఆగింది.

"ఇది నువ్వింకా వేసుకోలేదా?"

"నాదా?"

"నీ పుట్టినరోజుకని మీ అన్నయ్య కొన్నారు. కొలతలు చూడగానే వాడికి తెలిసిపోతుంది, వాడే పలకరిస్తాడు అన్నారు. నువ్వేమో పరాయివాళ్ల ముందు వేళాకోళం చేశావట. వాడికి నేనిక అక్కర్లేదే అని, ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయారు."

ఇన్నేళ్లు మిషను మీదకి వంగి నా భుజం దిగిపోయింది. ఊరందరి కొలతలకీ కుట్టాను, నావి ఏనాడూ చూసుకోలేదు. అన్నయ్య టేపు పెట్టకుండానే, నాలుగడుగుల అవతలి నుంచి నన్ను కొలిచాడు.

చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాను. భుజం దగ్గర చిన్న ముడత కూడా లేదు. గుండె చెరువై, ఖాళీ బల్ల వైపు తిరిగాను.

"సరిపోయింది అన్నయ్యా," అన్నాను.