మూడడుగుల దూరంలో చాయ్

పొద్దున ఆరయ్యిందంటే నాచారంలో ఫ్యాక్టరీ సైరన్లు ఒకదానిమీదొకటి పడి అరుస్తాయి. ఆ అరుపుకి పోయినవాడైనా లేచి పళ్లు తోముకోవాల్సిందే. శారదమ్మ కొడుకు ఉపేందర్ మాత్రం లేవడు. దారం మిల్లు మూతపడిన రోజున మంచమెక్కినవాడు మూడు నెలలైనా దిగలేదు. మంచం కోళ్లు నేలలోకి జానెడు దిగబడ్డాయి. ఇంకో వారం అలాగే పడుకుంటే పక్కింటివాళ్ల బోరులో తేలేవాడే!

తల్లి ప్రాణం ఊరుకుంటుందా? చాయ్ మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే, ఆఖరికి వేపపుల్లా మంచం దగ్గరికే. ఉప్పల్ డిపోలో డ్రైవర్ల పరీక్ష సోమవారంతో ఆఖరు. హెవీ లైసెన్సు ఉన్న కొడుకు ఆ ఒక్కరోజు లేస్తే చాలని శారదమ్మ మొక్కని దేవుడు లేడు. వినీ వినీ దేవుళ్లకే చెవులు నొప్పెట్టాయి.

మంగళవారం దవాఖానాలో డాక్టరు చంద్రిక అంతా విని నవ్వింది.

"మెదడులో ఒక రసాయనం ఊరుతుందండీ శారదమ్మగారూ. మనిషిని లేపి నడిపించడంలో దాని చెయ్యి పెద్దది. చాయ్ గొంతు దిగాక కాదు, చాయ్ వస్తోందని వాసన తగిలినప్పుడే అది జోరుగా ఊరుతుంది. మీరేమో వాసన తగిలేలోపే నోటికందిస్తున్నారు."

"అంటే వాన్ని పండవెట్టింది నేనేనా బిడ్డా?"

"మీరొక్కరే కాదు, మిల్లు పోయిన దిగులూ ఉంది. ఈ మాత్రలు మానకుండా వెయ్యండి. మీ చెయ్యి మాత్రం కాస్త వెనక్కి లాక్కోండి."

ఆ మాట ఇంట్లో చాయ్ గ్లాసుకి ఎలా తెలిసిందో! మర్నాడు స్టూలు మీద పెట్టగానే టక్కున కిందికి దూకి, చుక్క ఒలకకుండా మూడడుగుల దూరంలో నిలబడింది. అల్లం వాసన గుప్పుమంది. ఉపేందర్ చెయ్యి చాపాడు. గ్లాసు జరిగింది. కాలు దింపాడు. గ్లాసు గడప దాటింది.

"మీ గ్లాసు మా వాకిట్లోకొచ్చిందండీ శారదమ్మగారూ!" పక్కింటి కమలకుమారి ముగ్గుకి అడ్డం నిలబడి కేకేసింది. "వెనకాలే మీవాడూనూ. ఏం నాయనా, ఆ గడ్డంలో పిచ్చుకలేమైనా కాపురం పెట్టాయా?"

"నీ ముగ్గు తొక్కుతలే ఆంటీ, జర జరుగు!"

ఆ బుధవారం వీధి మలుపు దాకా. గురువారం మెయిన్ రోడ్డు. శుక్రవారం హబ్సిగూడ దాకా పోయి, కారే చెమటతో తిరిగొచ్చిన కొడుకుని చూసి శారదమ్మ కరిగిపోయింది. గ్లాసుని కొంగుతో ఒడిసిపట్టి, "తాగు కొడుకా, మస్తు తిరిగినవ్" అని నోటికందించింది. వాడు ఒక్క గుక్కలో తాగి మంచమెక్కితే ఆదివారం సాయంత్రం దాకా కన్ను తెరవలేదు. శారదమ్మ తన చేతుల్ని తానే తిట్టిన తిట్లకి గాజులు మాడిపోయాయి.

సోమవారం గ్లాసు పరుగే పరుగు. హబ్సిగూడలో ఎర్రలైటు పడితే బుద్ధిగా ఆగింది కూడా. అక్కడ ఆ ఒక్కటే ఆగింది! వెనక ఉపేందర్, ఆ వెనక చెప్పులు చేత పట్టుకుని శారదమ్మ. ఉప్పల్ డిపోలో దూరి, పరీక్ష బస్సు ముందు నేలమీద గ్లాసు నిలబడిపోయింది.

ఉపేందర్ వంగాడు. ఈసారి అది జరగలేదు.

"తాగితే తాగు, లేకపోతే తప్పుకో. లైన్లో ఇంకా ముప్పైమందున్నారు" అని విసుక్కున్నాడు పరీక్ష పెట్టే జనార్ధనరావు.

గేటు దగ్గర శారదమ్మకి 'తాగకురా' అన్న మాట గొంతుదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది. పోయి ఆ గ్లాసు లాగేద్దామని చేతులు తహతహలాడాయి. గేటు ఊచలు పట్టుకుని రెండింటినీ అక్కడే ఆపింది.

ఉపేందర్ అల్లం వాసన ఒకసారి గుండెనిండా పీల్చాడు. తలెత్తి అద్దంలోంచి కనపడుతున్న స్టీరింగు వైపు చూశాడు. చూస్తూనే చొక్కా చేతులు మడిచాడు. బస్సెక్కాడు. ఇంజను గుర్రుమంది. రెండుసార్లు హారను కొట్టి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఓ చాయ్! జర పక్కకు జరుగు, బండి తియ్యాలె!"