ఆపమన్న గంట

రిటైరయ్యాక మనుషులు హాయిగా కాళ్లు చాపుకొని కూర్చుంటారు. వీళ్లిద్దరికీ ఆ యోగం ఎక్కడిది, కాళ్లకు చక్రాలుంటే! ఉద్యోగమంతా ఒకే బస్సులో గడిచింది. ఆయన డ్రైవరు, ఆవిడ కండక్టరు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ పిలుపులే మిగిలిపోయాయి. ఇప్పుడో జీపు కొని, దాని వెనక క్యాంపర్ ట్రైలర్ తగిలించుకొని, కొండలంటే కొండలు, అడవులంటే అడవులు తిరుగుతున్నారు. ఆ ట్రైలర్‌కు ఆవిడ పెట్టిన పేరు డబ్బా. అందులో ఓ మంచం, ఓ పొయ్యి, మూలన బీరువా అంత బాత్రూము.

నడిచే ట్రైలర్లో మనిషి ఉండకూడదని ప్రతి పార్కు గేటు దగ్గరా చెబుతారు. చెబితే వినే రకాలా! ఆవిడకు నడుంనొప్పి, కూర్చుంటే ప్రాణం పోతుంది. అందుకని చెవిమిషను తీసి పక్కన పెట్టి, డబ్బాలో పడుకునే వస్తుంది. ఆయన బస్సు గంటలాంటిది ఒకటి జీపులో బిగించి, దాని బొత్తాం ఆవిడ మంచం పక్కన పెట్టాడు. ఒకటి మోగితే ఆపాలి, రెండు మోగితే పోనివ్వాలి. రెండు మోగాక వెనక్కి తిరిగి చూడటమంటే కండక్టరును అవమానించడమేనని ఆయన సిద్ధాంతం.

ఆ రోజు కొండ మలుపులో రాతిబెంచీ ఉన్న చోట ఆగి లోయ చూశారు. చూడటానికేముంది, ఇంత పొగమంచు! మధ్యాహ్నమే దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. ఆవిడ శాలువా బిగించుకొని, "నేను పోయి పడుకుంటాను, మీరూ ఎక్కండి" అంది. ఆయన ఎక్కాడు. గంట రెండుసార్లు మోగింది. పోనిచ్చాడు.

కొండ పైకెక్కాక, టీ పెట్టించుకుందామని వెనక తలుపు తీశాడు. మంచం ఖాళీ. దుప్పటి నలిగి ఉంది, మనిషి లేదు.

"కండక్టరమ్మా!"

పలుకు లేదు. ఎక్కలేదా? ఆ లోయ అంచున వదిలేసి వచ్చానా? మరి గంట ఎవరు కొట్టారు? ఆ చివరి ప్రశ్నను ఆయన మనసులోకి రానివ్వలేదు. పై ప్రాణాలు పైనే పోతుంటే ఆలోచనెక్కడిది! తలుపు వేసి, బండిని ఒక్క ఊపున తిప్పి, వచ్చిన దారినే దింపాడు. దారంతా తనను తానే తిట్టుకున్నాడు. ముసలాడా, పెళ్లాన్ని మరిచిపోయి వస్తావా, అది అంచు దాకా నడిస్తే నీకింక దిక్కెవరు?

రాతిబెంచీ మీద ఆవిడ కూర్చొని ఉంది. అదే శాలువా, అదే ముడి, లోయ వైపు తిరిగి.

ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఎక్కకుండా ఏం చేస్తున్నావే ఇక్కడ? నన్ను చంపేద్దామనా?" అని అరుస్తూనే కళ్లు తుడుచుకున్నాడు.

"వచ్చారా" అంది ఆవిడ. చెయ్యి అందిస్తే మంచుగడ్డలా ఉంది. "పద, ముందు సీట్లోనే కూర్చో, ఇంక నిన్ను వెనక వదిలేది లేదు" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మామూలుగానైతే ఈపాటికి ఆయన ఏడు తరాలనూ దులిపేసి ఉండేది. భయపడి ఉంటుందిలే అనుకొని ఊరుకున్నాడు. నడుం నొప్పి పుట్టడం లేదా అని అడిగితే లేదంది.

రెండు మలుపులు దాటారు. గంట మోగింది. ఒక్కసారి.

ఆయన కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

"ఆపకండి" అంది ఆవిడ.

మళ్లీ మోగింది. ఒకటి. ఆగి, ఇంకొకటి.

"ఆపకండి. వెనక ఎవరూ లేరు."

ఆయన ఆవిడ వైపు చూడలేకపోయాడు. ఈవిడ కండక్టరు! గంట మోగాక పది గజాలు దాటించి ఆపితేనే, "దిగేవాళ్లు మీ చుట్టాలు కారనా?" అని బస్సంతా వినేలా కడిగేసేది. ఆ నోటితో ఆపొద్దని రాదు. బ్రేకు తొక్కాడు. ఇంజను ఆపకుండా దిగడం బస్సు రోజుల నుంచీ అలవాటు. అలాగే దిగి, వెనక్కి పరుగెత్తి తలుపు తీశాడు.

మంచం మీద ఆవిడ. నుదురు బొప్పి కట్టింది. చెవిమిషను పెట్టుకుంటూ మొదలుపెట్టింది.

"బండి తోలుతున్నారా, బస్తాలు దొర్లిస్తున్నారా? బాత్రూంలో ఉన్నానా, ఒక్కసారిగా తిప్పారు! పడ్డాను. తలుపు బిగుసుకుపోయింది. ఇంతసేపూ గుద్దగా గుద్దగా ఇప్పటికి ఊడొచ్చింది. చెవిలో మిషను లేదు, మీరు పిలిచారో లేదో నాకేం తెలుసు?"

ఆ మూల తలుపు నెట్టి చూడాలని ఆయనకు తట్టనే లేదు. ఇప్పుడు ఆవిడ తిడుతుంటే ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. లోపలికెక్కి ఆవిడను గట్టిగా పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగా ఉంది. తిట్టే నోరు, వెచ్చని చెయ్యి, ఈవిడే తన పెళ్లాం.

"ఏమైంది? ఎందుకలా వణుకుతున్నారు? ముందు సీట్లో ఎవరండీ, కిటికీలోంచి తల కనిపిస్తోంది?"

ఆయన తలుపు మూసి గడియ పెట్టాడు. ముందు జీపులో గేరు పడింది. చక్రాల కింద గులకరాళ్లు నలిగాయి. బండి మెల్లగా, చెయ్యి తిరిగిన డ్రైవరు నడిపినట్టు కదిలింది.

ఆవిడ బొత్తాం మీదికి చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకొని ఆపాడు. జీవితంలో మొదటిసారి.

"వద్దు" అన్నాడు చెవిలో. "వెనక ఎవరూ లేరనే అనుకుంటోంది అది."