పైన పెట్టిన పేరు

"చక్కెర ఏడున్నదే?"

ఛాయ్ గ్లాసు పట్టుకుని వంటింట్లోంచి రఘుపతి అరిచాడు. డబ్బాల మీద సంధ్యారాణి పేర్లు రాసి అంటించి ఏళ్లయింది. అయినా ఆ ఇంట్లో చదవడం కన్నా ఆమెను అడగడమే అందరికీ అలవాటు. లేచి వెళ్లి, అతని మోచేతి పక్కనే ఉన్న డబ్బా తీసి భర్త చేతికిచ్చి వచ్చింది.

మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంది. తన వంటల బ్లాగులో మాత్రం ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు. మొదట్లో కూరలు, పచ్చళ్లు, పిండివంటలు అని విడదీసింది. తర్వాత తనకే నవ్వొచ్చింది. గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో ఏ ఇల్లాలు లేస్తూనే కూర గురించి ఆలోచిస్తుంది? ముందు మొగుడి షిఫ్టు గురించి ఆలోచిస్తుంది. తెల్లారకముందే కట్టాల్సిన సద్ది వేరు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకున్న మనిషి లేవకుండా, మిక్సీ చప్పుడు లేకుండా చేసే వంట వేరు. అందుకే పై వరుసలో మూడే మాటలు పెట్టింది: ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు. ఒక్కసారి నొక్కితే వంట కనబడాలి. అంతకన్నా తిప్పితే పొయ్యి మీదున్నది మాడిపోతుంది.

వాటన్నిటికీ పైన పెద్దక్షరాల్లో 'రఘుపతి నిలయం'.

"ఇంటికి బోర్డు లెక్క ఉండాలె. మా ఆఫీసోళ్లకు చూపిస్త," అన్నాడతను పోయిన నెల. పేరుదేముందిలే అని పెట్టేసింది.

పక్క క్వార్టరు అమీరున్నీసా వచ్చింది. "నేను చెప్ప, నువ్వే వెతుకు," అని సంధ్యారాణి ఆమెకు మౌసు ఇచ్చి వెనక నిలబడింది. అమీరున్నీసా నైటు షిఫ్టు నొక్కింది. చేత్తో పిసికి చేసే పచ్చిపులుసు వచ్చింది.

"జల్దినే దొరికిందక్కా!"

సంధ్యారాణి మొహం వెలిగింది. వంట కింద మంచిర్యాల నుంచి ఎవరో పెట్టిన కామెంటును అమీరున్నీసా పైకి చదివింది: "రఘుపతి అన్నా, మీ చేతి పచ్చిపులుసు అమృతం."

చదివి పగలబడి నవ్వింది. "తౌబా! అన్నకు ఛాయ్ పెట్టుడన్న వస్తదా?" తర్వాత తెరను కింది దాకా జరిపి, మళ్లీ పైకొచ్చింది. "అన్నీ దొరుకుతున్నయి. ఇందుల నువ్వేడున్నవక్కా?"

సంధ్యారాణి తెరను పైనుంచి కింది దాకా మళ్లీ చూసింది. వచ్చినవాళ్లు దేనికీ తడుముకోకూడదని నెలల తరబడి సర్దిన చోట, తనను తాను ఎక్కడా పెట్టుకోలేదు.

నవ్వూ మాటలూ విని రఘుపతి వంటింట్లోంచే అన్నాడు: "ఎవల్ని మెచ్చుకుంటే ఏందే, ఇల్లు ఒక్కటే గద! అవునూ, కారపూస డబ్బా ఏడున్నది?"

"దాని జాగలనే ఉన్నది," అంది ఆమె, లేవకుండా.

అతను మళ్లీ అడిగాడు. ఆమె అప్పటికే పైనున్న అక్షరాలు చెరిపేసి, వాటి చోట తన పేరు కొడుతోంది.