రూప్‌సింగ్ మెడ

మొదటి గెల దబ్బున నేల మీద పడేసరికి ఎండ ఇంకా అడవి అంచు దాటి తోటలోకి రాలేదు. రూప్‌సింగ్ గెడను భుజానికి ఆనించుకుని రెండో చెట్టు కిందికి నడిచాడు. నేల మీద నాలుగు ఎర్రటి పండ్లు రాలి ఉన్నాయంటే పైన గెల పండిందన్నమాట. కిందికి ఒక్క చూపు, అంతే. ఆ తర్వాత అతని చూపంతా పైనే. గెడ చివరి కొడవలిని మట్ట మొదట్లో తగిలించి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి ఒక్క గుంజు గుంజుతాడు. ముందు మట్ట పడుతుంది, దాని వెనకే గెల. అది పడేలోపు మనిషి పక్కకు జరిగి ఉంటాడు. ఎప్పుడు జరిగాడో పక్కనున్నవాళ్ళకు కూడా తెలియదు.

చండ్రుగొండ అవతల, అడవిని ఆనుకుని ఉన్న ఆ పామాయిల్ తోట వెంకటనారాయణ గారిది. తండ్రి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మొక్కలు నాటడానికి గుంటలు తవ్వినవాళ్ళలో రూప్‌సింగ్ ఒకడు. అప్పటికి అతనికి మీసాలు కూడా సరిగా రాలేదు. మొక్కలు మోకాలెత్తు. చెట్లు ఎదిగేకొద్దీ గెడ పొడుగైంది, వెదురు పోయి అల్యూమినియం వచ్చింది, రూప్‌సింగ్ మెడ వెనక్కి వాలింది. ఇప్పుడది మామూలు మనిషి మెడ కాదు. ముందువైపు నరాలు తాళ్ళలా తేలి ఉంటాయి. వెనక ముడత మీద ముడత. నడుస్తున్నా, కూర్చున్నా గడ్డం పైకి లేచే ఉంటుంది. అన్నం తినాలంటే కంచాన్ని ఎత్తి పట్టుకోవాలి, తల వంచితే నరం పట్టేస్తుంది. తెలియనివాళ్ళు చూసి పొగరనుకుంటారు. ఏం పొగరు పాపం! సంతలో ఉల్లిగడ్డలు బేరం చెయ్యాలన్నా పెళ్ళాన్ని ముందుకు తోసే మనిషి.

ఆ పెళ్ళాం ద్వాలి, అతని వెనకే వంగి రాలిన పండ్లు ఏరుతూ వస్తుంది. ఆమె చూపెప్పుడూ కిందికే. నన్ను చేసుకున్నాక నువ్వు నా మొఖం చూసింది తక్కువ, చెట్ల మొఖం చూసింది ఎక్కువ అని ఉడికించేది. అతను నవ్వేసేవాడు. ఇప్పుడామె ఉడికించడం కూడా మానేసింది.

ఆ రోజు ద్వాలి వెనక ఇంకొకరు కూడా ఉన్నారు. కూతురు లిఖిత. పదో తరగతి. తలకు తువ్వాలు చుట్టుకుని, హాస్టల్లో ఇచ్చిన పాత యూనిఫాం మీద తండ్రి చొక్కా తొడుక్కుని, బుట్ట పట్టుకుని ఏరుతోంది. వచ్చి పది రోజులే అయింది కానీ చెయ్యి తిరిగిపోయింది. గెల ముళ్ళకు వేళ్ళ చివర్లు చీలాయి, పండ్ల నూనె గోళ్ళలోకి దిగి ఎర్రగా కట్టింది. రూప్‌సింగ్ ఆ చేతుల వైపు చూడడం లేదు. చూడకుండా ఉండడానికి అతని మెడ అతనికి బాగానే సాయం చేస్తోంది.

కరోనా మొదటిసారి బడులు మూసినప్పుడు ఆ ఇంట్లో చదివేవాళ్ళు ఇద్దరు. పెద్దవాడు అనిల్‌కుమార్ అప్పుడు ఇంటర్. బడి మూత ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు. పదిహేను రోజులన్నారు, నెలన్నారు, తర్వాత అనడం కూడా మానేశారు. వాడు తండాలో గోడకు ఆనుకుని కూర్చుని కూర్చుని, ఒకనాడు బోరు లారీ ఎక్కి పోయాడు. ఎక్కడెక్కడో బోర్లు వేస్తున్నారట. కాలేజీ తెరిచాక రమ్మని తండ్రి ఫోను చేస్తే, ఇంకేం కాలేజీ బా అన్నాడు. ఆ పూట రూప్‌సింగ్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొడుకును లారీ తీసుకుపోలేదు, మూసిన బడే తీసుకుపోయింది. ఆ సంగతి అతనికి తెలుసు. ఎవరి మీద అరవాలో మాత్రం తెలియలేదు.

మళ్ళీ తెరిచారు. మాఘంలో లిఖితను ఇల్లందులో హాస్టల్ బడికి తనే తీసుకుపోయి దింపి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి అడవంతా మోదుగు పూలతో మండుతూ కనిపించింది. ఒక్క బిడ్డనైనా ఒడ్డుకు చేర్చాననుకున్నాడు. రెండు నెలలు నిండలేదు. ఒక సాయంత్రం హఠాత్తుగా కబురు వచ్చింది, రేపటి నుంచి బడి లేదు, వచ్చి మీ పిల్లను తీసుకుపొండి అని. పక్క తోటలో గెలలు కోసే బొజ్జయ్య బండి అడుక్కుని పోయాడు. గేటు దగ్గర పిల్లలంతా పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. దారి పొడుగునా తండ్రీకూతుళ్ళ మధ్య ఆ ట్రంకు పెట్టె. 

తర్వాత సంగతి వెంకటనారాయణ గారు చాలా మామూలుగా అన్నారు. మూతికి కట్టుకోవాల్సిన గుడ్డ గడ్డం కింద వేలాడుతుండగా, గట్టు మీది నుంచే అన్నారు. "బడి ఎలాగూ లేదు కదరా, పిల్ల ఇంట్లో ఖాళీగానే ఉంటుంది. దాన్నీ తీసుకురా, పండ్లు ఏరుతుంది. నీడపట్టున పని."

చెడ్డ మనిషేం కాదు. ఉన్న మాటే అన్నాడు. అందుకే అది ముల్లులా దిగింది.

రూప్‌సింగ్ వద్దన్నాడు. ఇంటికి పోయాక ద్వాలి అతని మీద విరుచుకుపడింది.

"ఇంట్ల కూసోబెట్టి ఏం జేస్తవ్? వాడు గట్ల కూసొని కూసొనే పోయిండు. ఇది గూడ పోవాల్నా?"

 నిజమే మరి, ఆమె లెక్కలో కొడుకు పోయింది చదువు లేక కాదు, పని లేక. ఇద్దరి దుఃఖం ఒక్కటే, దారులు మాత్రం వేరు. చివరికి అతనే దిగివచ్చాడు. పొద్దుటి పూట ఏరుతుంది. ఎండెక్కాక దాని చదువు దానిది. ఆ వేళకు ఎవరూ అడ్డం రావొద్దు.

"పది అయిపోనీయే," అన్నాడు. "పది అయితె ఇగ దాని ఇష్టం."

చదువంటే ఏముంది, ఫోను. హాస్టల్ సారు పొద్దున ప్రశ్నలు పంపుతాడు, పిల్లలు కాగితం మీద రాసి ఫోటో తీసి పంపాలి. తండాలో సిగ్నల్ ఉండదు, తోటలో అసలే ఉండదు. కింద ఉండదు గానీ పైన ఉంటుందని కనిపెట్టింది లిఖితే. ఒకరోజు తండ్రి గెడ వైపు చూసి ఊరికే అంది, బా, ఫోనును అంత పైకి ఎత్తగలిగితే ఎంత బాగుండు అని. ఆ మాటకు రూప్‌సింగ్‌లో ఎన్నాళ్ళుగానో చచ్చిపడి ఉన్నదేదో లేచి కూర్చుంది. ఆ పూటే గెడ చివరి కొడవలి విప్పాడు. దాని స్థానంలో చెయ్యి పొడుగు వెదురు కర్ర బిగించాడు. పాల ప్యాకెట్ కవరులో ఫోను పెట్టి, వెదురు కొనకు గుడ్డపీలికతో కట్టాడు. బోరు పక్కన నిలబడి ఎత్తాడు. చెట్ల తలలు దాటి ఫోను పైకి పోయింది. కాసేపటికి పైనుంచి టింగుమని మోత. ఒకటి, ఇంకొకటి, వరసగా. దించి చూస్తే నాలుగు రోజుల పాఠాలు. రూప్‌సింగ్ పెద్దగా నవ్వాడు. ద్వాలి కూడా నవ్వింది. జీవితమంతా పైనుంచి పండ్లు దించినవాడు, కూతురికి పాఠాలు దించాడు.

ఆ మురిపెం ఆ ఒక్కరోజే. తర్వాత అదీ పనిలో పనైపోయింది.

ఆ రోజూ ఎండెక్కింది. రూప్‌సింగ్ కోసిన గెలలను భుజాన మోసి గట్టు మీద పోగు పెట్టాడు. ట్రాక్టర్ వచ్చేసరికి పోగు సిద్ధంగా ఉండాలి. మెడ కింద చెమట మంటెక్కుతోంది. సీసాలో నీళ్ళు తలెత్తకుండానే తాగాడు, అతని తల ఎలాగూ ఎత్తే ఉంటుంది. అప్పటికే లిఖిత చేతులు బూడిదతో రుద్ది రుద్ది కడుక్కుని, కాగితాల ఫోటోలు తీసి పెట్టుకుంది. మొహం పీక్కుపోయి ఉంది. సాయంత్రంలోపు పంపనివాళ్ళకు మార్కులు ఉండవని సారు నిన్ననే గట్టిగా చెప్పాడట. పోయినసారి తను పంపింది చేరలేదు. ఈసారీ చేరకపోతే సున్నాయే.

కొడవలి విప్పి, వెదురు కట్టి, రూప్‌సింగ్ బోరు దగ్గర గెడ ఎత్తాడు. చేతులు లాగేదాకా పట్టుకుని దించాడు. లిఖిత తెర మీద తిరుగుతున్న గుండ్రటి గుర్తు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇంక తిరుగుతనే ఉంది, బా."

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ దించాడు. తిరుగుతూనే ఉంది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే అతను ఓదార్చి ఊరుకునేవాడేమో. ఆమె వంగి పక్కన పెట్టిన బుట్ట తీసుకుంది. పోనీలే బా, నేను యాడి దగ్గరికి పోయి ఏరుకుంటా అంది, తల్లి ఉన్న వైపు తిరిగి, తోటి కూలిమనిషి అన్నట్టుగా. ఆ గొంతు రూప్‌సింగ్ ఇంతకుముందు ఒకసారి విన్నాడు. ఇంకేం కాలేజీ బా అన్న గొంతు అది.

అతను గెడ భుజాన వేసుకుని, కూతురిని వెంట రమ్మని తోట చివరికి నడిచాడు.

తోటకు ఆ చివర నేల కాస్త మెరక. అక్కడైతే ఇంకో మనిషెత్తు పైకి పోతుంది. ఆ మెరక మీదుగానే పెద్ద కరెంటు తీగలు పోతాయి. రూప్‌సింగ్‌కు తెలియక కాదు. ఆ వరస చెట్లను అతను ఎన్నడూ అల్యూమినియం గెడతో కోయలేదు. లైన్‌మన్ రామన్న కరెంటు ఆపాక, పాత వెదురు గెడ తెచ్చుకుని కోసేవాడు. కొత్తగా వచ్చిన కూలీలకు ఆ తీగలు చూపించి మరీ చెప్పేవాడు. కానీ ఫోనుకు ఆ వెదురు చాలదు, చెట్ల తలలు దాటదు. తీగలకు ఈవలగా, దూరంగానే నిలబడ్డాడు. కూతురిని గెడ పొడుగుకు అవతల, మట్టల కుప్ప పక్కన నిలబెట్టాడు.

"నువ్వు ఆడ్నే ఉండు బిడ్డా. దగ్గరికి రాకు."

గెడ ఎత్తాడు. గాలి లేదు. అడవిలో ఎక్కడో పిట్ట ఒకటి ఆగి ఆగి కూస్తోంది. పొద్దుటి నుంచి గెలలు కోసిన చేతులు అప్పటికే లాగుతున్నాయి. లిఖిత తలెత్తి, చెవి ఒగ్గి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. గెలలు కోసేటప్పుడు ఏం చూడాలో అతనికి తెలుసు, మట్ట మొదలు చూడాలి. ఫోను ఎత్తినప్పుడు పైన చూడడానికి ఏముంది? పోయిందో లేదో తెలిసేది పిల్ల మొహంలోనే.

పైన టింగుమంది. సారు దగ్గరి నుంచి జవాబు.

లిఖిత మొహం విప్పారింది. హాస్టల్ మూసినప్పటి నుంచి ఆ మొహంలో లేని నవ్వు. రూప్‌సింగ్ తన మెడను బలవంతంగా, నరం పట్టేస్తున్నా సరే, కిందికి వంచి ఆ నవ్వు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. అతని చేతుల్లో గెడ మెల్లగా, అతనికి తెలియకుండానే, తీగల వైపు ఒరిగింది.

పెద్ద చప్పుడేం కాలేదు. గెల పడిన చప్పుడంత కూడా లేదు.

లిఖిత పరుగెత్తబోయి ఆగిపోయింది. దగ్గరికి రాకు అన్న మాట ఆమె కాళ్ళను పట్టేసింది. అదే ఆమెను బతికించింది. ద్వాలి వచ్చేసరికి పిల్ల మట్టల కుప్ప పక్కన అలాగే నిలబడి ఉంది. ద్వాలి మొగుడి మొహాన్ని ఒడిలోకి తీసుకుంది కరెంటు ఆపిన తర్వాతే. అంతసేపూ ఆమెను ఇద్దరు కూలీలు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. చచ్చిపోయాక అతని మెడ ఎంత తేలిగ్గా ముందుకు వాలిందో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

రామన్న వచ్చి గెడను తీగ నుంచి తప్పించి, పక్క చెట్టుకు ఆనించాడు. పైకి చూసి, ఫోనుకేం కాలేదు, వెదురు కదా అన్నాడు. దింపియ్యమంటవా బిడ్డా అని అడిగాడు. లిఖిత వద్దన్నట్టు తలాడించింది. అతను గెడను అలాగే వదిలి పోయాడు.

తండాలో జ్వరాలు ఉన్నాయి. శవాన్ని మోయడానికి కూడా జనం వెనకాడారు. బొజ్జయ్య, ఇంకో ముగ్గురు మూతులకు తువ్వాళ్ళు కట్టుకుని మోశారు. అనిల్‌కుమార్ ఉన్న లారీ ఎక్కడో ఒడిశాలో ఉంది, అందుకోలేకపోయాడు. వెంకటనారాయణ గారు గట్టు మీద నిలబడి చాలాసేపు కళ్ళు తుడుచుకున్నారు.

మూడోనాడు టీవీలో చెప్పారు. పదో తరగతికి ఈ ఏడు పరీక్షలు లేవు, పిల్లలందరినీ పాస్ చేసేస్తారు అని. పరీక్ష రాసేవాడూ పాసే, రాయనివాడూ పాసే. సున్నా వచ్చినవాడు కూడా పాసే. ఆ మాట విని ద్వాలి లేచిపోయి గోడ వైపు తిరిగి పడుకుంది. పాసైన లిఖిత ఆ పక్కనే కూర్చుని తల్లి వీపు నిమిరింది.

మళ్ళీ గెలలు పండాయి. తల్లీకూతుళ్ళు ఇద్దరూ తోటకు వచ్చారు. ఈసారి ఎండెక్కినా లిఖిత బుట్ట దించలేదు. కోతకు వచ్చిన బొజ్జయ్య తన గెడ తాను తెచ్చుకున్నాడు, మెరక మీది గెడ జోలికి పోలేదు. రూప్‌సింగ్ పోయాక రెండు పొద్దులు, ఛార్జింగ్ ఉన్నంతసేపూ, ఆ వైపు నుంచి పాఠాలు వచ్చి పడ్డ మోత వినిపించిందని కూలీలు చెప్పుకున్నారు. ఇప్పుడు ఏ మోతా లేదు. చెట్టుకు ఆనించిన గెడ ఎండకు తళతళమంటోంది. దాని కొనన, మట్టల మధ్య, పాల ప్యాకెట్ కవరులో ఫోను అలాగే ఉంది.