వల తడిసిందా, లేదా

కూరలో ఉప్పెక్కువైతే కంచం గోడకి తగలడం మా ఇంట్లో రివాజు. పిల్లకి జ్వరమా, నాకు నడుం నొప్పా, చేపల గంప దించి అప్పుడే పొయ్యి దగ్గర కూచున్నానా, అవేవీ లెక్కలోకి రావు. "ఉప్పెక్కువైందా లేదా, అదొక్కటే సెప్పు" అంటాడు మా ఆయన ఎర్రన్న. మా పల్లెకి ఆయన కులపెద్ద, అందుకని ఇంట్లోనూ తీర్పులే. గోడ తుడిచేదీ మెతుకులు ఏరేదీ నేను.

గంగమ్మ పండగ రోజుల్లో మా దగ్గర ఎవరూ వల తడపకూడదు. తడిపిన ఇంటికి మళ్ళీ అమావాస్య దాకా నిప్పూ నీళ్ళూ బందు. బావిలో చేద వెయ్యనివ్వరు, ఎవరి పొయ్యిలోంచీ నిప్పు దొరకదు, కొట్టువాడు అగ్గిపెట్టె కూడా అమ్మడు. పాపమని ఇచ్చినవాళ్ళకీ అదే శిక్ష.

ఈసారి అది పక్కింటి దాలమ్మ మీద పడింది. ఆమె మొగుడు పోతురాజు జ్వరంతో వల మీదే పడుకుని వాంతి చేసుకున్నాడు. ఊళ్ళోకి నైలాను వలలు వచ్చాయి గానీ వాళ్ళది ఇంకా నూలు వలే, అలా వదిలేస్తే కుళ్ళిపోతుంది. దాలమ్మ దాన్ని పట్టుకెళ్ళి ఒడ్డున జాడించి తెచ్చింది. తడపకూడదంటే వేటకి వెళ్ళకూడదనే అనుకుంది, పిచ్చిది.

పెద్దలు మా వాకిట్లోనే కూచున్నారు. నేను టీ గ్లాసులు అందిస్తూ విన్నాను. దాలమ్మ మొగుడి సంగతి చెప్పబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వల తడిసిందా లేదా, అదొక్కటే సెప్పు."

"తడిసినాది బావా" అంది దాలమ్మ. పంచాయితీ అయిపోయింది.

ఖాళీ గ్లాసులు ఏరుతుంటే నాకు నిరుటి పంచాయితీ గుర్తొచ్చింది. నిరుడు ఇవే రోజుల్లో మా మరిది గంగరాజు తెప్పేసుకుని వెళ్ళి గంపెడు చేపలు పట్టుకొచ్చాడు. అప్పుడూ ఈ పెద్దలే, ఈ వాకిలే. ఎందుకెళ్ళావు, ఎంత తాగావు, పెళ్ళాం ఏమైనా పోరు పెట్టిందా అని బుజ్జగించి అడిగారు. పాపం, ఒంటిమీద తెలివి లేదన్నారు. కొబ్బరికాయ కొట్టించి పంపేశారు. తిట్లు మాత్రం వాడి పెళ్ళాం నీలవేణికి పడ్డాయి. మగాడు చేసిన తప్పుకి వెనకాల ఎప్పుడూ ఒక కథ ఉంటుంది, ఆ కథలో తరచూ ఒక ఆడది ఉంటుంది. మేం చేసిన తప్పుకి వెనకా ముందూ ఏమీ ఉండదు.

అన్నం వడ్డిస్తూ అన్నాను, సికాకోలు కోర్టులో దొంగనైనా ఎందుకు దొంగిలించావని అడుగుతారట కదా అని. ఆయన కోప్పడలేదు. ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"నాకు మాత్రం జాలి లేదేటే? ఒకలికి ఒకలాగ, ఇంకొకలికి ఇంకోలాగ అంటే రేపు నా మాట ఎవలింటారు? దండన అందరికీ ఒక్కటే ఉండాల."

మరి గంగరాజుకో అనబోయాను. ఆడదానికి పంచాయితీ మాటలెందుకని మా అత్త లక్ష్మణమ్మ కసిరింది. మజ్జిగ పోశాను. ఆయన బాధపడుతున్నాడని తెలిసి నాకూ బాధేసింది, అదీ నా ఖర్మ.

పొద్దున్నే పొయ్యి రాజేశాను. రోజూ ఆ వేళకి దాలమ్మ కొబ్బరిపీచు పట్టుకుని నిప్పుకోసం మా దొడ్లోకి వచ్చేది. ఇవాళ రాలేదు. వాళ్ళ కప్పు మీంచి పొగ లేదు. పోతురాజు మూలుగు మాత్రం గోడ దాటి వినిపిస్తోంది. గుక్కెడు గంజి కాచిపోసే దారి లేదు ఆ మనిషికి.

పెంకు మీద నిప్పులు ఎత్తుకున్నాను. నీళ్ళబిందె చంకన పెట్టుకున్నాను. వాకిట్లో పళ్ళు తోముకుంటున్న మా ఆయన వేపపుల్ల నోట్లోంచి తీసి, ఎక్కడికే అన్నాడు.

"దాలమ్మింటికి."

"ఇచ్చినోలకీ అదే దండన. తెల్దేటి?"

"తెలుసు మావా. మనింటికీ బందే. నిప్పు ఇచ్చేనా లేదా, అదొక్కటే అడుగు."

ఆయన నా చేతిలో నిప్పులకేసి చూశాడు. గొంతు తగ్గించి, "ఎందుకే ఇలాగ సేస్తన్నావు?" అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఎందుకని అడగడం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సెప్తాను మావా, అంతా సెప్తాను. ముందు నిప్పు ఆరిపోకండా ఇచ్చొస్తాను" అని వాకిలి దాటాను.