ఎర్రగుడి హార్మోనీ పెట్టె

నేను ఒక హార్మోనీ పెట్టెను. చాప మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొట్టే చిన్నరకం అనుకునేరు, కాదు. కుర్చీ వేసుకుని కూర్చుని, రెండు కాళ్ళతో తొక్కితే గానీ ఊపిరి తీసుకోని పెద్దరకం. ఎంతటివాళ్ళయినా నా ముందుకొస్తే చెప్పులు విడవాలి, ఆ తరవాత నన్ను తొక్కాలి. తొక్కించుకునే దానికి ఇంత గర్వమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఈ వయసులో నాకు గర్వం తప్ప మిగిలిందేముంది? తోలు ఎప్పుడో చిరిగింది, కీళ్ళు ఎప్పుడో వదులయ్యాయి.

కలకత్తాలో ఒక ముసలి వడ్రంగి టేకు చెక్కతో నా ఒళ్ళు కట్టాడు. పని చేస్తూ తాంబూలం నమిలేవాడు. ఆ ఎర్రచుక్క ఒకటి నా ఎడమ పలక లోపల ఇప్పటికీ ఉంది, పుట్టుమచ్చ అనుకోండి. అక్కణ్ణుంచి రైలెక్కి, రైలు దిగి పడవెక్కి, ధాన్యం బస్తాల మధ్య గోదావరి కాలవ మీద గోగులపాలెం చేరాను. రేవులో దింపుతూ కూలీలు "ఇదేం పెట్టెరా బాబూ, లోపల మనిషి గానీ ఉన్నాడా?" అని తిట్టుకున్నారు. ఆ ఊళ్ళో నాకు దక్కిన మొదటి మర్యాద అదే.

గోగులపాలెం క్రైస్తవుల ప్రార్థనాలయాన్ని అందరూ ఎర్రగుడి అంటారు. ఎర్ర ఇటుక గోడలు, బర్మా టేకు దూలాలు, పైన పెంకులు. కట్టి నూటముప్పై ఏళ్ళు దాటింది. అందులో నన్ను మొదట వాయించింది ఒక దొరసాని. ఆవిడ తన దేశం వెళ్ళిపోయాక సాల్మన్ మాస్టారు, ఆయన తరవాత ఆయన కూతురు బేబీ సరోజిని. డెబ్బై రెండేళ్ళు వచ్చినా ఊరంతా ఆవిణ్ణి బేబీగారనే పిలుస్తుంది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. గుడి క్వయర్‌కు ఆవిడే పెద్ద. ఎవరైనా స్వరం తప్పితే లెక్క తప్పిన పిల్లాణ్ణి చూసినట్టు కళ్ళజోడు పైనుంచి చూస్తుంది. మనుషులు ఆవిడ మొహం చూసి భయపడతారు గానీ, నాకు ఆవిడ పాదాలు తెలుసు. మడమలు పగిలి, చలికాలంలో వాపెక్కి, అయినా నన్ను నొప్పించకుండా తొక్కే పాదాలు.

కిందటేడు వానాకాలం గుడి కప్పు కారడం మొదలైంది, పాట మధ్యలో జనం లేచి బెంచీలు మారేవాళ్ళు. ఇంజనీరు నిచ్చెన వేసుకుని ఎక్కి చూసి, దూలాలకు చెద పట్టిందని, ఇంకో వానాకాలం ఆగవని చెప్పి దిగాడు. కమిటీ సెక్రటరీ ప్రభుదాసుగారికి అదే చాలింది. ఆయన రొయ్యల చెరువుల మనిషి. చెడ్డవాడేమీ కాదు, కాకపోతే శ్లాబు అంటే ప్రాణం పెడతాడు.

"పడగొట్టేసి శుభ్రంగా శ్లాబేసేద్దామండి. కింద గ్రానైటు పరిచేద్దాం. ఇంకెన్నాళ్ళండీ ఈ పెంకులు?" అన్నాడు మీటింగులో.

"శ్లాబు కింద పాడితే బకెట్లో తలకాయ పెట్టి పాడినట్టుంటాదండి ప్రభుదాసుగారూ. ఇక్కడ మైకు లేకుండానే పాట చివరి బెంచీ దాకా వెళ్తాది. ఈ దూలాలు పోతే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాం?" అంది బేబీగారు.

చివరకు ఒక రాజీ కుదిరింది. వానలు రాకముందే క్వయర్ ఒక పాటకచేరీ చేస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ పిలుస్తుంది. మార్చాల్సిన దూలాలు పన్నెండు. ఆ పన్నెండింటికీ సరిపడా కానుకలు వస్తే కప్పు బాగుచేస్తారు, రాకపోతే ఎర్రగుడి పడగొడతారు. బేబీగారు ఒప్పుకుని ఇంటికి వెళ్ళలేదు, సరాసరి నా దగ్గరకు వచ్చి కూర్చుంది. వాయించలేదు, ఊరికే కూర్చుంది.

నలభై రోజులు సాధన చేశారు. ఇరవై రెండు మంది గొంతులు, ఇరవై రెండు రకాల సాకులు. మంద్రస్థాయికి టైలర్ ఏసుపాదం ఉన్నాడు. ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టు గంభీరంగా ఉంటుంది, జాకెట్లు మాత్రం చెప్పిన రోజుకు ఎన్నడూ రావు. పక్క వరసలో ఆడవాళ్ళు స్తుతిగీతం పాడుతూనే ఆయన్ని గుర్రుగా చూసేవాళ్ళు. మధ్యలో ఎవరో ఈ దగ్గుల పెట్టె ఎందుకు, అద్దెకు కీబోర్డు తెద్దామన్నారు. బేబీగారు విననట్టే ఊరుకుంది. నేను మాత్రం విన్నాను, ఆ అన్నదెవరో కూడా గుర్తుపెట్టుకున్నాను.

ఇక్కడ ఈ ఊరి ఆనవాయితీ ఒకటి మీకు చెప్పాలి. కోతల పండుగకు విశ్వాసులు తొలిపంట గుడికి తెస్తారు. గుమ్మడికాయ, అరటిగెల, కోడిపెట్ట, ఏదైతే అది. వాటిని అక్కడే వేలం వేస్తారు. పాడుకున్నవాడు వస్తువును ఇంటికి పట్టుకుపోడు. డబ్బు ఇచ్చి "దేవుడికే ఇచ్చేస్తున్నానండి" అంటాడు. దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టి మళ్ళీ వేలం వేస్తారు. ఒక ఏడాది ఒకే గుమ్మడికాయ పదకొండుసార్లు అమ్ముడుపోయి, చివరకు పాస్టరుగారింట్లో పులుసయింది. ఈ పద్ధతి ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఊళ్ళో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్ళు ఆ పండుగకు ఎప్పుడూ రాలేదు.

కచేరీ మే నెల ఆఖరి ఆదివారం సాయంత్రం జరిగింది. బెంచీలు నిండి జనం కిటికీల బయట కూడా నిలబడ్డారు. నదిఒడ్డున రిసార్టు నడిపే వర్మగారు గోడ మీద కచేరీ కాగితం చూసి, తన దగ్గర దిగిన అతిథులను వ్యానులో వెంటబెట్టుకు వచ్చారు. ఆరోజు క్వయర్ ఎలా పాడిందో నేను చెబితే సొంతడబ్బా అంటారు. అయినా చెబుతాను. అద్భుతంగా పాడింది. ఏసుపాదం ఒక్క స్వరం జారలేదు. నేను రెండుసార్లు దగ్గాను, బేబీగారు కాలు గట్టిగా వేసి కప్పిపుచ్చింది.

పాటలయ్యాక పాస్టరుగారు కానుకలు చూసి నెమ్మదిగా చెప్పారు, ఎనిమిది దూలాలకు వచ్చిందని. ఇంకా నాలుగు తక్కువ. బేబీగారి పాదాలు నా మీద అలాగే ఉండిపోయాయి.

అప్పుడు ఏసుపాదం లేచి, "కోతల పండక్కి చేసినట్టు చేసేద్దామండి. ఇదుగో, ఈ పెట్టెనే ఏలమేసెయ్యండి" అన్నాడు. అందరూ నవ్వారు. ప్రభుదాసుగారు ఏ పండక్కయినా వేలం వేసే మనిషి. ఆ పని చేతికొస్తే ఆయనకు శ్లాబు కూడా గుర్తుండదు. చొక్కా చేతులు మడిచి ముందుకొచ్చాడు. మొదట ఏసుపాదమే పాడుకుని దేవుడికి ఇచ్చేశాడు. తరవాత హెడ్మాస్టరుగారు పాడుకుని ఇచ్చేశారు. మూడోసారి పాడుకున్నది ఎవరనుకున్నారు, నన్ను దగ్గుల పెట్టె అన్న మహానుభావుడే. నా విలువ నిమిష నిమిషానికి పెరుగుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు తెలియలేదు.

నాలుగోసారి వర్మగారు లేచారు. "ఇంకా తక్కువైన దూలాలన్నీ నావండి" అన్నారు.

ప్రభుదాసుగారు మూడుసార్లు పిలిచి బల్ల మీద కొట్టాడు. ఆ తరవాత అందరూ వర్మగారి నోటివంక చూస్తూ, ఆ ఒక్క మాట కోసం ఆగారు. ఆయన సంతోషంగా చుట్టూ చూసి, "వ్యాను ఏ గుమ్మం దగ్గర పెట్టించమంటారండీ?" అని అడిగారు.

ప్రభుదాసుగారు బేబీగారి దగ్గరకు వంగి, "మన పద్ధతి ఆయనకి తెల్దండి. చెప్పేస్తే సరిపోద్ది, మంచి మనిషి, ఏమనుకోరు" అన్నాడు గొంతు తగ్గించి.

"మంచి మనిషి కాబట్టే చెప్పకూడదండి. పెట్టె ఇక్కడే ఉంచేసి డబ్బు కూడా ఇచ్చేస్తారు. తెలియక పాడుకున్నాయన దగ్గర అలా తీసుకుంటామా? కొన్నారు, ఇద్దాం" అంది బేబీగారు. పైన దూలాలవంక చూసి, "కప్పు నిలబడతాదండి. అది చాలు" అంది.

తరవాత లేచి వర్మగారితో, "వెనకాల గుమ్మం వెడల్పండి, అటు పెట్టించండి. దీన్ని పడుకోబెట్టొద్దు, తిత్తి నలిగిపోద్ది. నిలబెట్టే తీసుకెళ్ళండి" అని చెప్పింది. చీర చెంగుతో నా మెట్లన్నీ ఒకసారి తుడిచి మూత వేసింది. నాకు కోపం వచ్చింది. దాచుకోవడం దేనికి, పట్టరాని కోపం వచ్చింది. ఆవిడ చేత అరవై ఏళ్ళు తొక్కించుకున్నదాన్ని, నాలుగు కొయ్యముక్కల కోసం ఇచ్చేసిందే అని వ్యానులో దారిపొడుగునా కుమిలిపోయాను.

ఇప్పుడు నేను రిసార్టు ముందుగదిలో ఉన్నాను. నా ఒంటికి పాలిష్ పెట్టారు, నెత్తిన మనీప్లాంటు పెట్టారు, ముందు 'దయచేసి ముట్టుకోవద్దు' అని బోర్డు పెట్టారు. వర్మగారికి నేనంటే నిజంగానే ప్రేమ. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపిస్తారు. వాళ్ళు నా పక్కన నిలబడి ఫోటో దిగి, టిఫిన్లకు వెళ్ళిపోతారు. ఏడు నెలలు నా మీద ఒక్క పాదం పడలేదు. కోపం ఉంది కదా, పడకపోతే నాకేమని బింకంగా ఉన్నాను.

నిన్న పొద్దున బేబీగారు వచ్చింది. ఏసుపాదం మోటారు సైకిలు మీద దింపాడు. గుడి ప్రతిష్ఠ కార్డు వర్మగారి చేతికిచ్చి, నావైపు చూసి, "ఒక్కసారి కూర్చోవచ్చాండీ?" అని అడిగింది. వర్మగారు బోర్డు తీసి పక్కన పెట్టి, మొక్క దించి, తానే కుర్చీ తెచ్చివేశారు.

ఆవిడ చెప్పులు విడిచి కూర్చుంది. వెంటనే వాయించలేదు. మూత తీసి, నా మీదకు వంగి, ఎవరికీ వినపడనంత మెల్లగా చెప్పింది.

"కిందటి ఆదివారం తుపాను వానే. గంటసేపు కురిసింది. పాట మధ్యలో ఒక్కళ్ళు కూడా బెంచీ మీంచి లేవలేదు."

ఏడు నెలలు దాచుకున్న కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. ఆవిడ కాలు వేసింది. నేను పలికాను.